ఆశీర్వాదం పాటకు రెండో సగం

అంతయ్యను మట్టిలోకి దించుతుండగా అతని కొడుకు దానియేలు నవ్వాడు.

దాచుకోబోతే బయటపడిన చిన్న నవ్వు కాదది. ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు గొంతులోంచి ఒక్కసారిగా వచ్చింది. తాళ్లు పట్టుకున్న నలుగురూ ఆగిపోయారు. పెట్టె గోతిలో సగం దిగి, ఒకవైపు ఒరిగి వేలాడుతోంది. బైబిలు తడవకుండా గొడుగు కింద పెట్టుకుని నిల్చున్న పాస్టరయ్య దానియేలు వైపు చూసి, చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక బురద వైపు చూశాడు. భర్త గోతి పక్కన కూలబడి ఏడుస్తున్న సమ్మక్కకు ఏడుపు ఆగిపోయింది. ఆమె తల ఎత్తి కొడుకును చూసిన చూపు అక్కడున్నవాళ్లు చాలాకాలం మరిచిపోలేదు.

హార్మోనియం వాయిస్తున్న ఎలీసబెతు మాత్రం అతని మొహం చూడలేదు. ఆమె చూసింది అతని చేతుల్ని. రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకున్నాడు. బొటనవేళ్లు రెండూ, ఏమీ లేని చోట, ఏదో నొక్కుతున్నాయి. ఆమె వాయిస్తున్న పాటకు సరిగ్గా తాళం తప్పకుండా నొక్కుతున్నాయి.

ఆమె ఆపలేదు. శవం దిగుతుండగా పాట ఆపకూడదని తండ్రి చెప్పేవాడు. చివరిదాకా వాయించింది. పెట్టె దిగింది. మట్టి పోశారు.

అది 1994, శ్రావణమాసపు ముసురు. చొప్పదండికి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్లో క్రైస్తవుల కుటుంబాలు ముప్పై దాకా ఉంటాయి. మూడు తరాల కిందట మెథడిస్టు మిషన్‌లో కలిసినవాళ్లు. కూలి, వ్యవసాయం, ఒకరిద్దరికి ఆసుపత్రిలోనో బడిలోనో చిన్న ఉద్యోగం. ఎలీసబెతు జాకెట్లు కుట్టేది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. మొదట తండ్రి మంచాన పడ్డాడు, తర్వాత తల్లి పడింది, ఇద్దరినీ సాగనంపేసరికి సంబంధాలు అడిగేవాళ్లు అడగడం మానేశారు. ఆమె పెద్దగా బాధపడినట్టు కూడా కనిపించలేదు. పగలంతా కుట్టుమిషను, ఆదివారం చర్చిలో హార్మోనియం. ఊళ్లో ఎవరైనా పోతే సమాధుల దగ్గరికి హార్మోనియాన్ని మోయించుకుని ఆమె కూడా వెళ్లేది.

అలా వెళ్లడం 1969లో మొదలైంది. తెలంగాణ గొడవలతో బస్సులు బందయిన రోజుల్లో తండ్రి ఆశీర్వాదం చనిపోయాడు. హార్మోనియం వాయించే ఆయన కరీంనగర్ నుంచి రాలేకపోయాడు. తండ్రి పాట లేకుండా తండ్రిని ఎట్లా పంపుతామని, ఇరవై మూడేళ్ల పిల్ల తనే కూర్చుని వాయించింది. ఆ తర్వాత మరొకరిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

తండ్రి పాట అంటే ఆయన కట్టిన పాట. ఊళ్లో అందరూ అలాగే అనుకున్నారు, ఎలీసబెతు కూడా. చుట్టుపక్కల ఏ సంఘంలో మనిషి పోయినా 'ఆశీర్వాదం పాట' పాడాల్సిందే.

పొద్దు గూకింది, పని తీరింది,
భుజం దించి పోయి రా,
నీ వంతు మడి తడిసింది,
నిమ్మళంగ పోయి రా.

మాటలు ఇంతే. రాగం మాత్రం వినేవాళ్ల గుండెలు పిండేది. చివర ఒక స్వరం మీదికి ఎక్కి, ఇంకా ఏదో చెప్పబోయి మానేసినట్టు, అక్కడే నిలబడిపోయేది. దాని మీద పాస్టరయ్య ఒకసారి ప్రసంగం కూడా చేశాడు. 'విశ్వాసి ప్రాణానికి అంతం లేదు, అందుకే ఆశీర్వాదం పాటకు కూడా ముగింపు లేదు' అని. ఆ రోజు ఎలీసబెతు తలవంచుకుని కూర్చుంది గానీ లోపల గర్వంతో నిండిపోయింది.

సమాధి అయిన మూడో రోజు దానియేలు ఆమె ఇంటికి వచ్చాడు. గడప లోపలికి రాకుండా బయటే నిల్చున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు, కరీంనగర్‌లో ఏదో దుకాణంలో పని చేస్తాడని మాత్రమే ఆమెకు తెలుసు.

"అత్తమ్మా, మా అవ్వ నాతోని మాట్లాడతలేదు," అన్నాడు.

"నేను మాట్లాడతననుకొని వచ్చినవా?" అంది ఎలీసబెతు, మిషను మీంచి తల ఎత్తకుండా.

"నేను నవ్వలే అత్తమ్మా. నవ్వు వచ్చింది. గా పాట నేను దినమంత వింట. పొద్దున దుకాణం తీసినప్పటి నుంచి మూసేదాక గదే పాట."

మిషను ఆగింది. "ఏ పాట?"

"నువ్వు వాయించిందే. మా దుకాణంల వీడియో గేమ్‌ల వస్తది."

ఎలీసబెతుకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. తండ్రిని పోగొట్టుకున్నవాడని ఓర్చుకుంది. "మా బాపు కట్టిన పాట మిషన్ల ఎందుకు వస్తది? అన్ని పాటలు ఒక్క తీరుగనే వినబడతయి చెవుడోనికి. పో."

"ఒక్కసారి వచ్చి విను. అది గాకపోతె చెప్పుతోని కొట్టు," అన్నాడు దానియేలు. అతను ఏడుస్తున్నాడని ఆమె అప్పుడు గమనించింది.

మరునాడు దారాలు, గుండీలు కొనే పని పెట్టుకుని ఆమె కరీంనగర్ బస్సెక్కింది.

దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. ఇరుకు గది, కిటికీకి నల్లగుడ్డ, లోపల గోడకు ఆనించి నాలుగు టీవీలు. గడప బయట చెప్పుల కుప్ప. యజమాని దామోదర్‌రావుది జగిత్యాల వైపు భూములున్న కుటుంబం. నక్సలైట్ల భయంతో ఊళ్లో ఉండలేక పట్నం చేరాడు. ముందు సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు, అవి నడవక ఈ ఆటలు పెట్టాడు. దారాల సంచీతో ఒక నడివయసు ఆడమనిషి లోపలికి వచ్చేసరికి, కొడుకును వెతుక్కుంటూ వచ్చిన తల్లి అనుకుని, "ఎవలమ్మా మీ పిల్లగాడు?" అని లేచి నిల్చున్నాడు.

"మా ఊరామె సార్. ఒక పాట విని పోతది," అన్నాడు దానియేలు.

మూలనున్న టీవీలో క్యాసెట్టు గుచ్చి, మీట నొక్కాడు. తెర నిండా చీకటి ఆకాశం వచ్చింది. కింద ఉల్లిగడ్డల్లాంటి గుమ్మటాలున్న ఒక పెద్ద భవనం. పైనుంచి తెల్లటి చుక్కలు మంచులా నెమ్మదిగా పడుతున్నాయి. వాటి ముందు పసుపు గీతలతో ఒక పెట్టె. అందులో ఒకదాని కింద ఒకటి నాలుగు వరుసల ఇంగ్లీషు అక్షరాలు. ఒక వరుస పక్కన చిన్న బాణం వెలుగుతూ ఆరుతూ ఉంది.

"దీన్ని మెనూ అంటరు అత్తమ్మా. హోటల్ల ఏమేమున్నయో రాసి పెడతరు గద, గట్లనే. ఆట మొదలుకాక ముందే ఏ పాట గావాల్నో ఈడ ఎంచుకోవాలె. మూడు పాటలున్నయి. ఆఖరుది చప్పుడు లేకుంట."

మొదటి వరుస దగ్గర ఏదో గంతులేసే పాట. దానియేలు మీట నొక్కాడు. టిక్కుమని బాణం ఒక వరుస దిగింది.

ఆశీర్వాదం పాట వచ్చింది.

ఈల కాదు, గొంతు కాదు, తీగ కాదు. సన్నటి ఇనుప గొంతు ఒకటి పైన పాడుతోంది, కింద ఇంకొకటి మొద్దుగా అడుగులు వేస్తోంది. అయినా అదే. ఎక్కడ దీర్ఘం తీయాలో అక్కడే తీసింది. 'నీ వంతు మడి' దగ్గర ఆమె తండ్రి గొంతు ఎట్లా ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కేదో, అట్లాగే దిగి ఎక్కింది. ఎలీసబెతు చేతిలోని సంచీ జారి కిందపడింది. గుండీల పొట్లం విచ్చి గది నిండా దొర్లాయి. ఆమె వంగలేదు.

చివరి స్వరం వచ్చింది. గాలిలో నిలబడింది. అక్కడ ఆగాలి.

ఆగలేదు.

పాట ముందుకు పోయింది. ఆమె ఎన్నడూ వినని చోటికి. పైన నిలబడిన ఆ స్వరం మెల్లగా ఒక మెట్టు దిగింది, పక్కకు తిరిగింది, మరో మెట్టు దిగింది. దూరం పోయినవాడు వచ్చి గడపలో చెప్పులు విడిచినట్టు, బయలుదేరిన చోటికే వచ్చి కూర్చుంది. ఒక్క క్షణం ఊపిరి. మళ్లీ మొదటినుంచి.

"ఇదేంది?" అంది ఎలీసబెతు. "ఈ ముక్క ఏంది?"

"ఏ ముక్క?"

"తర్వాతది. ఇది మన పాటల లేదు."

"గీ గేమ్‌ల ఉంటది," అన్నాడు దానియేలు. అతనికి ఆ పాట ఎప్పుడూ అంత పొడుగుగానే తెలుసు. ఊళ్లోది సగమని అతనూ అప్పటిదాకా గమనించలేదు.

ఆమె మీటలున్న డబ్బీని తన చేతిలోకి తీసుకుంది. ఎక్కడ నొక్కిందో, టిక్కు టిక్కుమని బాణం అడుగుకు దిగింది. పాట మధ్యలో తెగిపోయింది. గుమ్మటాల మీద మంచు చప్పుడు లేకుండా పడుతోంది. తన తండ్రిని, తల్లిని, ఈ ఇరవై అయిదేళ్లలో ఊరి మనుషులందరినీ సాగనంపిన పాట, వద్దనుకుంటే ఒక వేలితో తీసేసే వస్తువుగా ఆమె ముందు ఉంది. ఎలీసబెతు ఆ డబ్బీని నిప్పు కణికలా దానియేలు చేతిలో పడేసింది.

"ఆట ఎట్లుంటది, చూపియ్యి," అంది కాసేపటికి.

ఆట ఒక ఓడ. పైనుంచి తాళ్లకు కట్టిన పెట్టెలు ఒక్కొక్కటీ దిగుతుంటాయి. వాటిని అటూ ఇటూ తిప్పి ఓడలో సందు లేకుండా సర్దాలి. ఓడ నిండేకొద్దీ పాట వేగం పెరిగింది. నడిచేది పరుగెత్తింది, పరుగెత్తేది ఉరికింది. దానియేలు బొటనవేళ్లు ఆగకుండా ఆడుతున్నాయి.

ఎలీసబెతు తాళ్లకు కట్టిన ఆ పెట్టెల వైపు చూసింది, అతని వేళ్ల వైపు చూసింది.

అతను ఆడుతూనే, తెర మీంచి కళ్లు తిప్పకుండా చెప్పాడు. "బాపు పెట్టె జర ఒరిగింది గద అత్తమ్మా. నువ్వేమో గదే పాట మెల్లగ వాయిస్తున్నవు. పెట్టె సక్కగ కూసోవాలె, జర ఎడమకు తిప్పాలె అనుకున్న. అనుకోంగనే నేనేం అనుకుంటున్ననో నాకే ఎరుకైంది. అది బాపు అని ఎరుకైంది. గప్పుడు వచ్చింది నవ్వు. ఎందుకు వచ్చిందో దేవునికెరుక."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

"ఈ పాట ఎవలు కట్టిండ్రు సారూ?" అని పోతూ పోతూ దామోదర్‌రావును అడిగింది.

"మాకేం తెల్సమ్మా. జపానోళ్లో, చైనోళ్లో. మేము ఢిల్లీ నుంచి తెప్పిస్తం."

ఇంటికి వచ్చాక ఎలీసబెతు కుట్టాల్సిన జాకెట్లు పక్కన పెట్టింది. తండ్రిని గుర్తు చేసుకుంది. ఈ పాట నేను కట్టాను అని ఆయన తన నోటితో ఎప్పుడైనా అన్నాడా? అందరూ అనేవారు. ఆయన నేల చూపులు చూసేవాడు. అది అణకువ అనుకున్నారు. దొంగ కూడా అట్లాగే కదా నేల చూస్తాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె తన చెంపలు తానే వాయించుకుంది. కానీ ఆలోచన పోలేదు.

తండ్రి సంగతి తెలిసినవాళ్లలో ఇంకా బతికున్నది పౌలు ఒక్కడే. ఆశీర్వాదంతోపాటు జర్మనీ యుద్ధం కాలంలో పటాలంలోకి పోయినవాడు. తిరిగొచ్చిన కొన్నాళ్లకు అత్తగారి ఊరు బోథ్‌లో స్థిరపడ్డాడు. కరీంనగర్ నుంచి నిర్మల్‌కు ఒక బస్సు, అక్కడినుంచి ఇచ్చోడ మీదుగా మరొకటి. ఎలీసబెతు అంత దూరం ఒంటరిగా ఎన్నడూ పోలేదు. పోయింది.

పౌలు పత్తి చేను పక్కన, రేకుల ఇంటి ముందు నులకమంచం మీద ఉన్నాడు. కళ్లు సరిగా ఆనడం లేదు. ఎవరి బిడ్డో చెప్పగానే ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అక్కడి మరాఠీ అతని మాటల్లోకి బాగా దిగింది.

"ఆశీర్వాదం పోరీవా? అరె బాబా, ఎంతకాలమైందే. కూసో, కూసో."

ఆమె జరిగిందంతా చెప్పింది. దుకాణం, తెర, మంచు, ఉల్లిగడ్డల్లాంటి గుమ్మటాలు. ముసలాయన గుమ్మటాల దగ్గర ఆపాడు.

"గవి రూసోళ్ల గుళ్లు. గట్ల కడతరు వాళ్లు. వాళ్ల తాన బొమ్మలు చూసిన నేను. మరి గీ పాట కూడా వాళ్లదే గదా."

ఎలీసబెతు అతని వైపు పూర్తిగా తిరిగింది.

"మేము ఇరాన్ దేశంల ఉంటిమి. లారీలల్ల సామాను తీస్కపోయి రూసోళ్లకు అప్పజెప్పుడు మా పని. మీ బాపు వంటోడు, నేను క్లీనర్‌ను. ఒక చలికాలం, రైలు పట్టాల కాడ, వాళ్ల సిపాయి ఒకడు సచ్చిపోయిండు. నేల ఇనుము లెక్క గడ్డ కట్టింది. గడ్డపార దిగుతలేదు. మీ బాపు లారీ దిగి పోయి, వాళ్ల చేతులకెల్లి గడ్డపార గుంజుకొని తవ్విండు. ఎవడో ఏందో తెల్వదు. వానికి తవ్విండు. దింపేటప్పుడు వాళ్లు పాట ఎత్తుకున్నరు. సగం అయ్యేసరికి మా సార్జెంటు సీటీ కొట్టిండు. ఎక్కుమన్నడు. బస్, లారీ కదిలింది."

"పాట నడుమనా?"

"నడుమనే. మీ బాపు వెనక తలుపు పట్టుకొని ఏలాడుకుంట, వినబడ్డంత సేపు విన్నడు. ఇగ గా సగం పోతదేమోనని, దారి పొడుగున మూతి ముడుచుకొని గునుగుడే. తిండి కాడ కూడా గదే. మేము తిట్టేటోళ్లం."

ఆమె గుండెల మీంచి బరువు దిగినట్టే దిగి ఆగింది. "మరి తను కట్టిన పాట అని ఎందుకు చెప్పిండు తాతా?"

"ఎవలికి చెప్పిండు? ఎవలికి చెప్పలే. నీ అన్న పోయినప్పుడు మొదలు పాడిండు. ఇగ ఎవలు పోయినా గదే పాడుడు. ఏం పాట అని జనం అడిగిండ్రు. నాకు తెల్వదు అన్నడు. తెల్వదు అంటే, దేవుడు నోట్లకెల్లి పలికిచ్చిండు అనుకున్నరు."

ఎలీసబెతు అతని చెయ్యి వదిలేసింది.

"ఏ అన్న?"

పౌలు మసకకళ్లు ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాయి. "చెప్పలేదా నీకు?" అన్నాడు. "యోసేపు. ఏడేండ్ల పిల్లగాడు. నువ్వు పాలు తాగే బిడ్డవు. రజాకార్ల కాలంల గత్తర, అదే కలరా, వచ్చింది. ఒక్క వారంల ఊర్ల ఎంతమంది పోయిండ్రో. గత్తరల పోయినోళ్ల పేరు ఎత్తద్దు, ఎత్తితె మళ్లొస్తది అనేటోళ్లు. మీ అవ్వకు గది మస్తు భయం, నువ్వు మిగిలినవు గదా. ఎత్తలే. ఎత్తకుంటనే పోయిందేమో."

నలభై ఎనిమిదేళ్లు ఒక్కతే బిడ్డగా బతికిన మనిషికి తల్లి గుర్తొచ్చింది. ఆఖరు రోజుల్లో ఆమె తలుపు వైపు చూస్తూ ఎవరినో రమ్మని సైగ చేసేది. యముడిని పిలుస్తోందని ఇరుగుపొరుగు అన్నారు. ఎలీసబెతు కూడా అదే నమ్మింది.

ఆమె అక్కడే కూర్చుని గేమ్‌లో విన్న రెండో సగాన్ని పౌలుకు కూనిరాగంగా వినిపించింది. గుర్తు పడతాడని ఆశ పడింది. ముసలాయన చెవి ఒగ్గి శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపాడు.

"తెల్వదు బిడ్డా. నాకైతె చలి ఒక్కటే యాదికున్నది."

యోసేపును ఎక్కడ పెట్టారో మాత్రం చెప్పాడు. సమాధుల దగ్గర కాదు. గత్తర శవాలను ఊరికి దూరంగా, వాగు ఒడ్డున ఒకటే గోతిలో వేశారు.

ఆ తర్వాత ఎలీసబెతు దారాలు కొనే ప్రతిసారీ దామోదర్‌రావు దుకాణానికి వెళ్లేది. పొద్దున్నే, పిల్లలు రాకముందు. రెండో సగం చేతికి ఎక్కాలి. టేపులో పట్టి ఇస్తానని దానియేలు అన్నాడు, వద్దంది. ఆట మొదలుపెడితే పాట ఉరుకుతుంది, పెట్టెలు ఒరిగితే తెగిపోతుంది. మెనూ దగ్గర మాత్రం దానికి తొందర లేదు. ఎవరో ఒకరు ఎంచుకునేదాకా మొదటి నుంచి చివరిదాకా, చివరి నుంచి మొదటికి, ఓపిగ్గా తిరుగుతుంది. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఒళ్లో వేళ్లు కదిలించుకుంటూ వినేది. 'ఎంచుకో' అన్నట్టు బాణం వెలుగుతూ ఆరుతూ ఉండేది. దామోదర్‌రావు మొదట నవ్వుకున్నాడు. అసలు సంగతి దానియేలు చెప్పిన రోజు, ఆయన లేచి మిగిలిన మూడు టీవీలూ ఆపేశాడు. ఆ రోజు నుంచి ఆమె ఉన్నంతసేపు అవి ఆగే ఉండేవి.

చేతికి ఎక్కాక ఆమె సంఘం ముందు పెట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక, లేవొద్దని అందర్నీ కోరి, ఉన్నదున్నట్టు చెప్పింది. పాట తన తండ్రిది కాదు, రష్యా వాళ్లది. మనకు వచ్చింది సగమే. మిగిలిన సగం వీడియో గేమ్‌లో దొరికింది. చెప్పి, మొత్తం వాయించింది.

వాయించడం ముగిసింది. సంఘ పెద్ద దేవదానం మొహం పాలిపోయింది. "ఏంది ఎలీసబెతమ్మా గిది? మా అమ్మను గిదే పాటతోని పంపినం," అన్నాడు. ముగింపు లేని పాట మీద ప్రసంగం చేసిన పాస్టరయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

వెనక నుంచి సమ్మక్క లేచింది. అంతయ్య పోయాక ఆమె చర్చిలో నోరు విప్పడం అదే మొదలు. "అంటే నా పెనిమిటిని పోరగాండ్ల ఆటపాటతోని పంపినమా?"

"లేదు వదినా," అంది ఎలీసబెతు. "ఎవలో తెల్వని పరదేశోడు సచ్చిపోతె, వానికోసం వాని దోస్తులు పాడిన పాటతోని పంపినం. మా బాపు వానికి బొంద తవ్విండట. పాటనే ఆట కాడికి పోయింది. ఎట్ల పోయిందో నాకు ఎరుకలేదు."

సమ్మక్క నమ్మిందో లేదో తెలియదు. పక్కనే నిల్చున్న దానియేలును మాత్రం తిట్టకుండా చూసింది. సంఘం మటుకు ఆ పాటను ఆపేసింది. ఎప్పటిదాకా అని ఎవరూ చెప్పలేదు. ఆ చలికాలం పోయిన ఇద్దరినీ పుస్తకంలోని కీర్తనలతో సాగనంపారు. హార్మోనియం వాయించింది ఎలీసబెతే.

మరుసటి ఏడు ఈస్టరు నాడు, తెల్లవారాక, అందరూ పూలు పట్టుకుని సమాధుల వైపు వెళ్తుంటే ఎలీసబెతు వాగు దారి పట్టింది. దానియేలు హార్మోనియం మోశాడు. పౌలు చెప్పిన చోటు ఇప్పుడు ఒక మక్కచేను. కోత అయిపోయి మోళ్లు మిగిలాయి. మూలన ఒక మొద్దు తుమ్మ, దాని కింద నేల కాస్త కుంగి ఉంది.

చేను కిష్టవ్వది. ఎరువు గంప దించి ఆమె అడ్డం వచ్చింది. "నా చేన్ల ఏం పని మీకు? గా పెట్టె ఏంది?"

ఎలీసబెతు చెప్పింది. కిష్టవ్వ వింటూ వింటూ, కాళ్ల కింద ఏదో కదిలినట్టు, నిల్చున్న చోటి నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. తుమ్మ కింది పల్లం వైపు చూసింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ నేల దున్నిస్తోంది, విత్తుతోంది, ఆ నీడలో సద్ది తింటోంది.

"మనుషులా?" అంది. "ఈడనా? నాకు ఎవ్వలు చెప్పలే."

"నాకు కూడా చెప్పలే అక్కా."

"పిల్లలు కూడానా?"

"మా అన్నకు ఏడేండ్లు."

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఎలీసబెతు మోళ్ల మధ్య కూర్చుని హార్మోనియం తెరిచింది. తండ్రి మాటలున్న సగం పాడింది. రెండో సగానికి మాటలు లేవు. ఉత్తగా వాయించింది. చివరి స్వరం వచ్చి కూర్చున్నాక తిత్తి మూసి, పూలు ఆ పల్లంలో పెట్టింది.

వాళ్లు లేచి నాలుగడుగులు వేశారు.

"ఓ చెల్లే," అని కిష్టవ్వ వెనక నుంచి పిలిచింది. ఆమె పల్లానికి దూరంగా చేను గట్టు మీద చతికిలబడి ఉంది. ఎరువు గంప అలాగే పక్కన ఉంది. "జర మళ్లొక్కసారి వాయించు. ఇందాక గుండె దడల నాకేం వినబడలే."